ముందు అది ఏ పామో చెప్పు

బాబూ,

నీ కథ అందింది. సగానికి వచ్చేసరికి నీ నాగుపాము "పుట్టలో చుట్టలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, పాత పగని నెమరేసుకుంటూ" పడుకుంది. అక్కడ కాగితాలు కింద పెట్టేసి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. పాముకి కనురెప్పలుండవయ్యా! కంటిని కప్పుతూ పారదర్శకమైన పొలుసొకటి ఉంటుంది, కుబుసం విడిచినప్పుడు అదీ ఊడొస్తుంది. నిద్రపోతున్నా కన్ను తెరిచే ఉంటుంది. రెండు పేజీల తర్వాత అదే పాము రైతుని "రెప్పవాల్చకుండా" చూసిందని రాశావు. అదొక్కటి కరెక్టు, అదీ నీకు తెలియకుండా.

గాదె కింద ఎలుక గీకుతుంటే ముసలమ్మ నిద్రలోనే చెయ్యి చాచి నేలమీద తట్టడం బాగుంది. ఆ ముక్క చూసి రాశావు. తక్కినదంతా సినిమా చూసి రాశావు.

నీ కథ నీకే ఒకసారి చెప్తాను, విను. రైతు నాగలి తగిలి మగపాము చస్తుంది (ఈ ట్రాక్టర్ల కాలంలో ఆ నాగలి ఎక్కణ్ణుంచి తెచ్చావో). చచ్చిన పాము కళ్ళల్లో రైతు బొమ్మ పడిపోతుంది. ఆడపాము ఆ బొమ్మ చూసుకుని, పన్నెండేళ్ళు ఆగి, నాగుల చవితి నాడు పుట్టలో పోసిన పాలు తాగి, గుడి దగ్గర పాములవాడు ఊదే నాగస్వరానికి కాసేపు ఊగి, అప్పుడు తీరిగ్గా ఇంటికొచ్చి రైతు కొడుకుని కరుస్తుంది. కుర్రాడు కెవ్వుమంటాడు. ఒళ్ళు నీలమవుతుంది, నోట్లోంచి నురగ. రెండు నిమిషాల్లో ప్రాణం పోతుందనగా మేనమామ బ్లేడుతో గాటు పెట్టి, విషం పీల్చి ఉమ్మేస్తాడు. కుర్రాడు లేచి కూర్చుంటాడు.

ఇందులో పాము నిజంగా చేయగలిగింది కరవడం ఒక్కటే. నాగుపాముకి సంసారం లేదు, జతకట్టే రోజులు అయిపోయాక దేని దారి దానిది. పాలు దాని తిండి కాదు. పండక్కి ముందు పాములవాళ్ళు రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఎండగడితే, దాహానికి తాళలేక ఏది పెడితే అది తాగుతుంది. బయటికి చెవులూ లేవు. నేల అదురు దవడ ఎముక గుండా తెలుస్తుంది, గాలిలో వచ్చే శబ్దాల్లో కూడా మంద్రంగా ఉండేవి కొంత తెలుస్తాయి. కానీ అది ఊగేది రాగానికి కాదు, ఎదురుగా ఊగుతున్న బూరని కనిపెట్టుకుని.

"కథకుడికి స్వేచ్ఛ ఉంటుంది కదండీ" అని ఉత్తరంలో ముందే అడ్డుకట్ట వేసుకున్నావు. ఉంటుంది. జానపద కథలో నాగకన్య వస్తే నేనూ నోరు తెరుచుకుని వింటాను. కానీ నీ కథలో ఆధార్ కార్డుంది, కౌలు అప్పుంది, 108 అంబులెన్సు గోతుల రోడ్డు మీద ఆలస్యంగా రావడం ఉంది. రోడ్డు మీద గోతులు లెక్కపెట్టి రాసినవాడివి, పాము దగ్గరికొచ్చేసరికి ఎందుకు లెక్క తప్పావు?

నేను పట్టుకుని వేలాడే మాట ఒకటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ ఇదే చెప్పి విసిగిస్తుంటాను. ఏ పామో తేల్చుకోకుండా పాము కథ మొదలుపెట్టకు. అది తేలితే వేళ తేలుతుంది, చోటు తేలుతుంది. నొప్పి ఉంటుందో లేదో, మనిషి చేతిలో ఎంత టైముందో, పక్కనున్నవాళ్ళు ఎక్కడ పొరబడతారో అన్నీ తేలతాయి. నీ ప్లాటు సగం ఆ పామే రాసిపెడుతుంది.

నీ కుర్రాడు రాత్రి నేలమీద చాపేసుకుని పడుకున్నాడు కదా. ఆ పక్క దగ్గరికి వచ్చేది ఎక్కువగా కట్లపాము. నల్లటి ఒళ్ళు, సన్నటి తెల్లకట్లు. అది కరిస్తే చాలామంది నిద్ర కూడా లేవరు. గాటు వెతికినా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు. తల్లి వాము నీళ్ళు కాచిస్తుంది. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. నిద్రమత్తనుకుని మళ్ళీ పడుకోబెడతారు. చేతులు, కాళ్ళు పడిపోతాయి, ఆఖరికి ఊపిరి. అంతా అయినా లోపల స్పృహ ఉండొచ్చు చూశావూ, నన్ను ఇప్పటికీ వణికించేది అదే. కళ్ళు తెరవలేడు, వేలు కదపలేడు, చుట్టూ వాళ్ళు శోకాలు పెడుతుంటే అన్నీ వింటుంటాడు. అలాంటివాణ్ణి టైముకి వెంటిలేటర్ మీద పెట్టి ఊపిరి ఆడిస్తే, కొన్నాళ్ళకి లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోతాడు. నువ్వు వాణ్ణి కెవ్వుమనిపించి, నురగ కక్కించి, చేతిలో ఉన్న కథంతా పారబోసుకున్నావు.

అదే పొద్దుగూకే వేళ వరికోతలో అయితే రక్తపింజర అనుకో. అది తొందరగా పారిపోదు, ఉన్నచోటే పడుంటుంది. దగ్గరికెళ్తే కుక్కర్ విజిలేసినట్టు బుసకొడుతుంది. ఈ కాటుకి నొప్పి ఓర్చుకోలేరు. కాలు వాచిపోతుంది, చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రం ఎర్రగా. విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. ఇలాంటి కాలు మీద మీ మేనమామగారు బ్లేడు పెడితే ఆ రక్తం ఆపేదెవరు? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షలని, అంటే ఏడాదికి సగటున 58 వేలని, 2020లో పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కువమంది పల్లెల్లోనే. 2018 వానాకాలంలో దివిసీమలో కాట్లు ఎక్కువైతే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. ఆ ఊళ్ళల్లోనూ కథలు చదివేవాళ్ళుంటారు బాబూ. బ్లేడు మేనమామని చూసి నేర్చుకునేవాళ్ళూ ఉంటారు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేస్తూ రాసుకున్నవాణ్ణి. డెల్టా ఊరు. నాట్ల రోజుల్లో కాటు కేసు రాని వారం ఉండేది కాదు. వస్తే డాక్టరుగారు కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి నిలబెట్టేవారు. 20 నిమిషాలు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత ఒక్కసారి ఒంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిపోయిందా, అది పింజర పనే. గాజే కావాలి, ప్లాస్టిక్ గొట్టమైతే లెక్క తప్పుతుంది. ఇక మందు. చిన్న సీసాల్లో పొడిగా ఉంటుంది. నీళ్ళు కలిపాక గబగబా కుదిపితే నురగొచ్చేస్తుంది, అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పుతూ కరగనివ్వాలి. మొదటి మోతాదుకే 8 నుంచి 10 సీసాలు. పసివాడికైనా అంతే మందు, పిల్లాడు కదా అని పాము తక్కువ విషం ఎక్కించదు. బయట తండ్రి తలుపు బాదుతుంటే, లోపల నువ్వు సీసా తర్వాత సీసా నెమ్మదిగా తిప్పుతూ కూర్చోవాలి. ఆ టెన్షన్ నాకు ఏ నాగకన్య సీరియల్లోనూ దొరకలేదు.

ఆ మందుకి కావాల్సిన విషం చాలావరకు తీసేది చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ళ సహకార సంఘం, 1978లో పెట్టింది. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. ఆ ఇరులవాళ్ళ మీద ఒక్క తెలుగు కథ నా కంటపడలేదు. పగబట్టిన పాముల మీద మాత్రం బీరువాలు నిండాయి.

ఆ ఉద్యోగం రోజుల్లోనే కట్లపాము మీద ఒక కథ రాసి వారపత్రికకి పంపాను. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. ఎట్టకేలకు వేశారు. తెరిచి చూస్తే సగం పేజీ బొమ్మ, పడగ విప్పిన నాగుపాము, పడగ మీద ధగధగా మణి! బస్సెక్కి ఆఫీసుకెళ్ళి "కట్లపాముకి పడగేమిటండీ" అని అడిగితే, సంపాదకులవారు తాపీగా "పడగ లేకపోతే అది పామని పాఠకుడికి ఎలా తెలుస్తుందండీ?" అన్నారు. కడుపునొప్పి, వాము నీళ్ళ భాగం కూడా ఎగరగొట్టేశారు, పాఠకులకి బోరు కొడుతుందట. అప్పట్లో క్షుద్ర నవలలు ఊపు మీదున్నాయి. శ్మశానం, నల్లపిల్లి, నాగబంధం లేకపోతే పత్రిక అమ్ముడుపోదని వాళ్ళ నమ్మకం. అదే పెద్దమనిషి తర్వాత ఒక సభలో తెలుగు కథలో వాస్తవికత గురించి గంటసేపు మాట్లాడారు. ముందు వరసలో కూర్చుని విన్నాను. పారితోషికం మనియార్డరు ఇంకా రావాలి.

"షెర్లాక్ హోమ్స్ కథలోనే పాము పాలు తాగింది, ఈలకి తిరిగొచ్చింది, దానికేమంటారు?" అని కూడా దబాయించావు. 1892 నాటి కథ అది. రాసిన కానన్ డాయల్ వైద్యం చదివినవాడే. గంట తాడు పట్టుకుని దిగిన ఆ పాము ఇండియాదన్నాడు, అలాంటి పాము ఇండియాలో ఎక్కడా లేదు. ఆయన్ని హోమ్స్ ఆదుకున్నాడు. నీ కథలో హోమ్స్ లేడు, మేనమామ ఉన్నాడు. ఆయనకి వందేళ్ళ ముందు ఇంకో బ్రిటిష్ డాక్టరు, పాట్రిక్ రసెల్, మన విశాఖపట్నంలో ఉండి పాముల్ని తెప్పించుకుని ఒక్కొక్కటే పరీక్షించాడు. ఏది విషప్పామో తేల్చడానికి కోళ్ళనీ కుక్కల్నీ కరిపించి, ఎంతసేపటికి ఏమైందో రాసుకున్నాడు. పాపం కోళ్ళు. 1796లో పుస్తకం వేస్తూ మనవాళ్ళు పిలిచే పేర్లే అచ్చేశాడు. రక్తపింజరకి అందులో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ప్రపంచం ఇప్పుడు దానికి ఆయన పేరే పెట్టుకుని రసెల్స్ వైపర్ అంటోంది. ఎక్కణ్ణుంచో వచ్చినవాడు పడ్డ శ్రమలో పదోవంతు, సెలవులన్నీ అమ్మమ్మగారి ఊళ్ళో గడిపిన నువ్వు పడలేవా?

చిన్నవి ఇంకొన్ని. నడివేసవిలో ఎండిన బావిలో "ఆడకప్ప మగకప్పని పిలుస్తోంది" అన్నావు. గొంతెత్తి పిలిచేది మగకప్ప, అదీ తొలకరి పడ్డాక. ఆ రోజుల్లో మగ గోదురుకప్ప నిలువెల్లా పసుపురంగు తిరిగి, గొంతు కింద రెండు నీలం సంచులు ఉబ్బించుకుని కూర్చుంటుంది. అంత సరంజామా వదిలేసి బెకబెకలతో సరిపెట్టావు. ఊసరవెల్లి నీ గోడ రంగుకి సరిపోయేలా మారదు, ఎండనీ తన కోపతాపాలనీ బట్టి మారుతుంది. ఇక గట్టుమీద పెనవేసుకుని లేచిన రెండు పాముల్ని పేపర్లవాళ్ళ లాగే నువ్వూ "సయ్యాట" అన్నావు. చాలావరకు అవి రెండు మగ జెర్రిపోతులు, ఆడదాని కోసం బలాబలాలు తేల్చుకుంటుంటాయి. నీ అన్నదమ్ములిద్దరూ పొలం తగాదా పడేది సరిగ్గా ఆ గట్టు మీదే. ఎంత దగ్గరికొచ్చి వదిలేశావో చూడు.

కలంపేరు పెట్టుకోవాలా అనడిగావు. నీ ఇష్టం.

మగపాము చావు, పన్నెండేళ్ళు, చవితి, నాగస్వరం కొట్టేయి. ముసలమ్మనీ, గాదెనీ, అంబులెన్సునీ ఉంచు. గాదె కింద ఎలుకుంటే నాగుపాము దానికోసమే వస్తుంది, పగ అక్కర్లేదు. చాప మీదే కాటు పడాలంటే కట్లపాముని రానివ్వు, అప్పుడు కడుపునొప్పితో మొదలుపెట్టు. తిరగరాశాక ముందు నాకు పంపు. పత్రికకి పంపేటప్పుడు బొమ్మ వేసేవారి కోసం ఆ పాము ఫోటో ఒకటి జతచేసి, దాని కింద "పడగ లేదు, మణి లేదు" అని పెద్దక్షరాల్లో రాయి.

ఉంటాను,
ఆశీస్సులతో.