షివల్రీ అంటే ఆడవాళ్ళకు తలుపు తీసి పట్టుకోవడమేనా? అసలు ఆ మాట ఎలా పుట్టింది?

కాదండీ. తలుపు తీయడం, కుర్చీ జరపడం చాలా తర్వాత వచ్చిన అలవాట్లు. ఆ మాటకు మూలం గుర్రం.

వాడుక లాటిన్‌లో గుర్రాన్ని కబాలుస్ అనేవాళ్ళు. అదే ఫ్రెంచిలో షెవాల్ అయింది. గుర్రమెక్కి యుద్ధం చేసేవాడు షెవాలియే. ఆ రౌతులకూ, వాళ్ళ పద్ధతికీ కలిపి వచ్చిన పేరు ఇంగ్లీషులో షివల్రీగా స్థిరపడింది. మనం అశ్వదళానికి వాడే కావల్రీ కూడా ఇదే కుటుంబం, ఇటలీ మీదుగా వచ్చింది. అంటే మొదట్లో ఇది మర్యాదకు కాదు, సైనికులకు పేరు.

గుర్రం, కవచం కొనగలిగింది భూములున్నవాళ్ళే. వాళ్ళ ఆగడాలు ఎంత ముదిరాయంటే, 989లో ఫ్రాన్సులోని షారూలో బిషప్పులు సమావేశమై, చర్చిలను దోచేవాళ్ళనూ పేదల పశువులను తోలుకుపోయేవాళ్ళనూ వెలివేస్తామని హెచ్చరించాల్సి వచ్చింది. ధైర్యం, విశ్వాసం, దాతృత్వం, బలహీనుల రక్షణ అనే ఆదర్శాలు తర్వాతి శతాబ్దాల్లో మెల్లగా చేరాయి. స్త్రీల పట్ల మర్యాద ఎక్కువగా కవుల పుణ్యం.

ఇంగ్లండులో ఉన్న రోజుల్లో కాంటర్‌బరీ కెథడ్రల్‌లో బ్లాక్ ప్రిన్స్ అని పేరున్న ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్ సమాధి చూశాను. పూర్తి కవచంతో, చేతులు జోడించి పడుకున్న లోహపు ప్రతిమ. షివల్రీకి నిలువెత్తు రూపమని పేరుపడ్డ మనిషి. ఆ తర్వాత అతని గురించి పట్టుబట్టి చదివాను. 1356లో పోయిటియర్స్ యుద్ధంలో ఫ్రాన్సు రాజు రెండో జాన్‌ను బందీగా పట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనానికి రాజును కూర్చోబెట్టి, తను పక్కన కూర్చోకుండా స్వయంగా వడ్డించాడని చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. అయితే ఆ రాజు విడుదలకు 1360 ఒప్పందంలో రాసుకున్న సొమ్ము ముప్ఫై లక్షల బంగారు నాణేలు! బందీ అయిన దొర అంటే డబ్బు.

1370లో అదే యువరాజు ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణాన్ని పట్టుకున్నాడు. మూడు వేలకు పైగా సామాన్యులను, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, చంపించాడని రాసిందీ ఫ్రువాసారే. ఆ సంఖ్య చాలా ఎక్కువ చేసి చెప్పిందని నేటి చరిత్రకారుల అభిప్రాయం. నన్ను కలచివేసింది మాత్రం సంఖ్య కాదు. కాళ్ళ మీద పడి వేడుకున్న జనాన్ని చూసి కరగని ఆయన కోపం, గోడకు వీపు ఆనించి పోరాడుతున్న ముగ్గురు ఫ్రెంచి యోధులను చూడగానే చల్లారిందట. వాళ్ళను బతకనిచ్చాడు.

అందుకే షివల్రీని ఎవరైనా ఆడవాళ్ళను కాపాడే ధర్మం అంటే నేను ఒప్పుకోను. గుర్రమెక్కినవాడు గుర్రమెక్కినవాడికి ఇచ్చిన గౌరవం అది.