మనవాళ్ల బొమ్మలు వేసేవాళ్లకి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఇంట్లోవాళ్ల బొమ్మల గురించే ఉన్నాయి, అందుకే వాటినే ముందు తీసుకున్నా.

ప్రశ్న: మేడమ్, మా అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. అనంతపురంలో ఎప్పుడో స్టూడియోలో తీయించిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒక్కటే ఉంది. దాని మీద గళ్లు గీసుకుని పెద్ద కాన్వాస్ మీద ఆక్రిలిక్‌లో వేశా. కొలతలన్నీ కరెక్టే, ఫ్రెండ్స్ అచ్చం ఫొటోలానే ఉందన్నారు, మా అమ్మ మాత్రం కాసేపు చూసి "ఎవరే ఈవిడ" అంది. ఎక్కడ తేడా కొట్టింది?
ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ ఫ్రెండ్స్ ఫొటోతో పోల్చారమ్మా, మీ అమ్మగారు వాళ్లమ్మతో పోల్చారు. పాత స్టూడియోల్లో ఏం చేసేవాళ్లంటే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ముఖం నిండా వెలుతురు పడేట్టు లైట్లు పెట్టి తీసేవాళ్లు, తీశాక నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసి ముడతలు, మచ్చలు కనపడకుండా చేసేవాళ్లు, అప్పట్లో అది మర్యాద కింద లెక్క. అంటే మీరు ఎంత శ్రద్ధగా కాపీ చేస్తే ఆ టచింగ్‌ని అంత శ్రద్ధగా కాపీ చేసినట్టే. మీ అమ్మకి తెలిసిన ముడతలు అందులో లేనే లేవు.

ఫొటోని ఎముకల వరకే నమ్మండి: నుదురు ఎంత వెడల్పు, కళ్లకి ముక్కుకి మధ్య దూరం, గడ్డం. మిగతాదంతా మీ అమ్మని, పిన్నిని, మామయ్యని కూర్చోబెట్టి అడగండి, ముఖం ఎలా ఉండేదని మాత్రం అడక్కండి, అలా అడిగితే "చాలా కళగా ఉండేది" అంటారు, దానితో బొమ్మ వెయ్యలేం. ఎక్కడ కూర్చునేది, ఏ మోకాలు పైకి పెట్టుకునేది, వక్క కత్తిరించేటప్పుడు తల ఎటు వంచేది, వినపడనప్పుడు ఏం చేసేది, కొంగు నిండా కప్పుకునేదా నడుముకి దోపేదా, ముక్కుపుడక ఏ వైపు, ఇలాంటివి అడగండి. వాళ్లు నోటితో చెప్పరు, లేచి కూర్చుని చేసి చూపిస్తారు, అదిగో అప్పుడు చకచకా పెన్సిల్ స్కెచ్‌లు వేసుకోండి. ఇంకోటి, కూతుళ్లలో ఒకరికైనా తల్లి చేతులు వస్తాయి, ఆ చేతుల్నే మోడల్‌గా పెట్టుకోండి. నా ఉద్దేశంలో పోలిక సగం భుజాల్లో, చేతుల్లోనే ఉంటుంది, దూరం నుంచి వీధిలో నడిచొచ్చే మనిషిని ముఖం కనపడక ముందే గుర్తుపడతాం కదా.

రంగు సంగతి. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్ర కుంకుమ నల్లగా పడుతుంది, ముదురాకుపచ్చ చీర, మెరూన్ చీర ఒకేలా కనిపిస్తాయి, అందుకని చీర రంగు ఊహించకుండా పెట్టెలో పాత చీర ఏదైనా మిగిలిందేమో చూడండి. ఒంటి రంగుకి ట్యూబులో దొరికే రెడీమేడ్ స్కిన్ కలర్ వద్దే వద్దు, అది మన ఇళ్లలో ఎవరి రంగూ కాదు. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలుపుకుని, నీడల్లోకి కొంచెం అల్ట్రామెరీన్ బ్లూ దించండి, తెలుపు వీలైనంత తక్కువ వాడండి.

రాజా రవివర్మ 1893లో నాన్నగారు వస్తున్నారు అనే అర్థమొచ్చే పేరుతో ఒక బొమ్మ వేశాడు, అందులో ఉన్నది ఆయన సొంత కూతురు మహాప్రభ, చంకలో బిడ్డ. వస్తున్న నాన్న బొమ్మలో ఎక్కడా ఉండడు, ఆవిడ నిలబడ్డ తీరులోనే ఆయన వస్తున్నాడని తెలుస్తుంది. మీ అమ్మమ్మని కూడా ఫొటోగ్రాఫర్ వైపు చూడనివ్వకండి, ఇంట్లో ఎవరి వైపో చూస్తున్నట్టు వేసి చూడండి.

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లె. మేం పెరిగిన ఇల్లు పడగొట్టేశారు, ఒక్క ఫొటో లేదు. అరుగు, పెరట్లో బావి, మా నాయనమ్మ బొమ్మగా వెయ్యాలని ఉంది. నెట్‌లో పల్లెటూరి ఇళ్ల ఫొటోలు చూసి వెయ్యొచ్చా?
ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: చూడకండి, కనీసం మొదట్లో. ఒకసారి వేరే ఇంటి పెంకులు కంట్లో పడ్డాయంటే మీ ఇంటి పెంకులు పోతాయి. ముందు కాగితం మీద ఇంటి ప్లాన్ గీయండి, గుమ్మం ఎక్కడ, వంటిల్లు ఎటు, బావి ఎన్ని అడుగుల్లో, మనసులోనే ఆ ఇంట్లో నడుస్తూ గీయండి, అన్నదమ్ములుంటే వాళ్లనీ విడిగా గీయమనండి, రెండు ప్లాన్‌లు కలవకపోతే ఫోన్‌లో గొడవపడండి, ఆ గొడవలో బోలెడు గుర్తొస్తాయి. చిన్నప్పుడు అరుగు ఎత్తుగా, నాయనమ్మ పెద్దగా కనిపించి ఉంటారు, కొలతలు సరిచెయ్యాలని చూడకుండా ఆ ఎత్తులోంచే వెయ్యండి.

తోట వైకుంఠం గారి బొమ్మలు చూసే ఉంటారు, పెద్ద బొట్లు, నిండైన చీరలు, నల్లని మేనిఛాయ. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన మనిషి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకుని కూడా చివరికి వాళ్లమ్మ దగ్గరికి, ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చాడు. ఆ ఎరుపు, ఆ పసుపు ఆయన చూస్తూ పెరిగినవే. మీకూ మీ ఇంటి రంగులు రెండో మూడో ఉంటాయి, అవి దొరికితే బొమ్మ సగం అయినట్టే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి తెలుగు పెద్దల బొమ్మలు పెడదామనుకుంటున్నాం. త్యాగయ్య, ఘంటసాల, సర్వేపల్లి రాధాకృష్ణన్. పోలికలు ఎలా పట్టాలి?
హెబ్బాళ్ నుంచి కొందరు

జవాబు: ముగ్గురికీ మూడు దారులు. త్యాగయ్య (1767–1847)కి ఫొటో లేదు, అందరూ ఒక కేలండర్ బొమ్మనే తిప్పితిప్పి వేస్తారు. ముఖం కోసం తంటాలు పడొద్దు, ఉంఛవృత్తికి, అంటే ఇంటింటా బియ్యం భిక్ష కోసం, వీధుల్లో పాడుకుంటూ తిరిగిన మనిషి కదా, ఆ నడక వెయ్యండి, ఎండ తగిలిన ఒళ్లు వెయ్యండి. తంబురా పట్టిస్తే వేళ్లు సరిగ్గా రావాలి, అందుకు ఏదైనా కచేరీకి వెళ్లి పక్క సీట్లో కూర్చుని తంబురా మీటేవాళ్ల కుడిచెయ్యినే గమనించండి, ఇది మాత్రం వదలకండి, పాట తెలిసినవాళ్లకి తప్పు తీగ మీదున్న వేలు వెంటనే కనిపిస్తుంది.

ఘంటసాల గారి ఫొటోలు కావల్సినన్ని, మైక్ ముందు పాడుతున్నవి ఏరుకోండి. రాధాకృష్ణన్ గారిది ఇంకో చిక్కు, తలపాగా, కళ్లజోడు వేస్తే చాలు జనం గుర్తుపట్టేస్తారు, దాంతో ముఖం మీద పని ఆగిపోతుంది. కాబట్టి అవి రెండూ లేకుండా ముందు ముఖం పూర్తి చెయ్యండి.

ఇలా పెద్దవాళ్ల పోలికలు పట్టిన పెద్దాయన మన బెంగళూరులోనే ఉండేవాడు, రష్యా నుంచి వచ్చిన చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్. కనకపుర రోడ్డులో తాతగుణి ఎస్టేట్ అప్పట్లో ఆయనది. తండ్రి నికొలస్ రోరిక్‌ని ఎన్నోసార్లు వేశాడు, భార్య, సినిమా నటి దేవికారాణిని వేశాడు, నెహ్రూని, రాధాకృష్ణన్‌ని కూడా వేశాడు. కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్‌లో ఆయన గ్యాలరీ ఉంది, ఉగాది పని మొదలుపెట్టే ముందు అందరూ కలిసి ఒకసారి వెళ్లి రండి.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. వాళ్ల నాన్నమ్మ బొమ్మ వేసింది, పెద్ద కళ్లజోడు, బానలాంటి పొట్ట. అత్తయ్య గారు చిన్నబుచ్చుకున్నారు. పాపకి చెప్పి మార్పించాలా?
ఒక తల్లి, కోరమంగళ

జవాబు: అస్సలు వద్దు. పాప నిద్రపోయేది ఆ పొట్ట మీదే అయ్యుంటుంది, అందుకే పెద్దది వేసింది. ఆ మాట అత్తయ్య గారికి పాప నోటితోనే చెప్పించండి. బొమ్మ వెనక తేదీ, పాప వయసు రాసి దాచండి.

ప్రశ్న: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వెయ్యడం బెంగళూరులో ఎక్కడ చూడొచ్చు?
ఒక విద్యార్థి, బనశంకరి

జవాబు: జనవరిలో చిత్రసంతె (ఏటా వీధిలోనే జరిగే బొమ్మల సంత) రోజు కుమారకృపా రోడ్డుకి వెళ్లండి, వచ్చినవాళ్లని అక్కడే కూర్చోబెట్టి నిమిషాల్లో గీసిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఒకరి వెనకాలే నిలబడి మొదటి గీత ఎక్కడ పెడుతున్నారో చూడండి. మిగతా రోజుల్లో ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్, 2009 నుంచి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ అక్కడే ఉంది. సోమవారం సెలవు.