క్వయర్‌కి పండుగ పాటలు ఎంచుకోవడం: ముందు ఆ రోజు గొంతు ఎలా ఉంటుందో చూడండి

వందనాలు బ్రదర్. క్వయర్‌లో 14 మంది, అందులో మగవాళ్లు నలుగురే, పెద్దలేమో పాత కీర్తనలు కావాలంటున్నారు, యూత్ ఏమో నాలుగు స్వరాల (సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు రకాల గొంతులు వేరువేరు వరుసలు కలిపి పాడే) ఇంగ్లీషు పాటలు కావాలంటున్నారు, క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా ఏం పెట్టాలి అని అడిగారు. నేను గుంటూరు వైపు ఒక చిన్న టౌన్ చర్చిలో 18 ఏళ్లు క్వయర్ చూసుకున్నాను. మొదట్లో పాట బాగుందా లేదా అన్నదే చూసేవాణ్ణి. దెబ్బ తిన్నాక తెలిసింది, చూడాల్సింది పండుగ రోజు ఆ గంటకి మనవాళ్ల గొంతు ఏ స్థితిలో ఉంటుందో అని.

దెబ్బ ఏంటంటే, ఒక క్రిస్మస్‌కి హల్లెలూయ కోరస్ పెట్టాను. సెప్టెంబర్ నుంచి ప్రాక్టీస్, బాగానే కుదిరింది కూడా. కానీ డిసెంబర్‌లో ఇంటింటికీ కేరల్స్ ఉంటాయి కదా, డోలక్ దంచుతూ మంచులో రాత్రి ఒంటిగంట, రెండింటి దాకా అరిచి పాడే పిల్లలే 25 ఉదయం క్వయర్‌లో నిలబడేది. ఆ పాటలో సొప్రానోలు, అంటే పై స్థాయిలో పాడే ఆడవాళ్లు, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైన జి స్వరం దాకా పోవాలి. మొదటి మెట్టు మీద ఆరుగురున్నారు, మూడో మెట్టుకి ముగ్గురు మిగిలారు, జి దగ్గర ఒక్క అమ్మాయే, తను కూడా నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. సంఘమంతా లేచి నిలబడి ఉంది, నేను మాత్రం చేతులు ఊపుతూనే ఉన్నాను, ఇంకేం చేస్తాను.

అసలు అది క్రిస్మస్ పాట కానే కాదు. హాండెల్ కూర్చిన మెస్సయ అనే పెద్ద సంగీత రచనలో మొదటి భాగం క్రీస్తు పుట్టుక గురించి, ఈ కోరస్ వచ్చేది శ్రమలూ పునరుత్థానమూ అయిపోయాక, రెండో భాగం చివర. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో దాన్ని మొదటిసారి వినిపించారు, డిసెంబర్‌లో కాదు. ఆ తర్వాత నుంచి మేం దాన్ని ఈస్టర్ రోజు పొద్దున 9 గంటల ఆరాధనకి మార్చాం.

క్రిస్మస్ ఉదయానికి బొంగురు గొంతు కూడా మోయగలిగే పాటే పెట్టండి. శుద్ధరాత్రి (సైలెంట్ నైట్) తేలిక అనుకుంటాం గానీ చివరి వరుసలో అది బాగా పైకి పోతుంది, సి శ్రుతిలో పాడితే పై ఎఫ్ అందుకోవాలి, అంటే సప్తకం దాటి ఇంకో నాలుగు స్వరాలు. బి ఫ్లాట్‌కి దించండి, ఇంకా కష్టమైతే ఎ కి. మెల్లగా పాడాల్సిన పాటే కాబట్టి దించినా అందం పోదు. 1818లో ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డోర్ఫ్‌లో మొదటిసారి పాడినప్పుడు తోడు గిటారే, కాబట్టి కీబోర్డ్ ఆర్భాటం అక్కర్లేదు. (మా పిల్లలు ప్రతి ఏడాదీ సద్దణంగ అంటే ఏంటన్నా అని అడుగుతారు. సద్దు అణగడం, చప్పుడు ఆగిపోవడం అని చెప్పి పాడిస్తే గొంతులు వాటంతటవే తగ్గుతాయి.)

ఇక పెద్దల మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తం చౌదరి గారివి లాంటి పాత పాటలకి పైన రాగం, తాళం రాసి ఉంటాయి, అవి చూడకుండా కీబోర్డ్ ముట్టుకోవద్దు. శంకరాభరణం అయితే మేజర్ స్కేలే, నాలుగు స్వరాలూ హాయిగా కూర్చుకోవచ్చు. మాయామాళవగౌళ అయితే అక్కడే చిక్కు. సి శ్రుతిలో పాడుతుంటే కీబోర్డ్ అబ్బాయి అలవాటుగా జి మేజర్ కార్డ్ (మూడు స్వరాలు కలిపి నొక్కేది) కొడతాడు, అందులో డి ఉంటుంది, రాగంలో ఉన్నది శుద్ధ రిషభం, అంటే డి ఫ్లాట్. రెండూ ఒకేసారి మోగితే పళ్లు జివ్వుమంటాయి. అలాంటి కీర్తనకి కార్డులు మానేసి స, ప మాత్రం పట్టి ఉంచమనండి. పల్లవి ఆడవాళ్లు, చరణం మగవాళ్లు కింది స్థాయిలో, తిరిగి పల్లవికి అందరూ. నలుగురు మగవాళ్లతో మీకు ఇదే బలం. టెనర్ ఇద్దరు, బేస్ ఇద్దరు అని చీలిస్తే ఒకడికి జలుబు చేసినా ఆ స్వరం పోయినట్టే.

లెంట్‌లో, అంటే ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలంలో, తక్కువ పాడండి. కేథలిక్కులు లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ జాగరణ దాకా హల్లెలూయ అనరు, వాయిద్యం కూడా పాటకి ఊతంగానే. మేం ఆ నియమం కట్టుకోకపోయినా, ఆ 40 రోజులూ హల్లెలూయ ఉన్న పాటలు పక్కన పెట్టి, డ్రమ్స్ మీద గుడ్డ కప్పేశాం. మొదటి ఏడాది యూత్ అలిగారు. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో త్రాహిమాం క్రీస్తునాథా వాయిద్యం లేకుండా పాడించాం, మరుసటి ఏడాది గుడ్డ వాళ్లే తెచ్చి కప్పారు.

ఈస్టర్ తెల్లవారుజాము సంగతి వేరు. 4 గంటలకి సమాధుల తోటలో, అప్పుడే నిద్ర లేచిన గొంతు. ఏ పాటైనా మామూలు శ్రుతికంటే ఒకటి, ఒకటిన్నర స్వరం తగ్గించి, సప్తకం దాటని వరుస తీసుకోండి. ఒకసారి మా కీబోర్డ్‌లో అంతకు ముందు రోజు యూత్ పాటకి నొక్కిన ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) అలాగే ఉండిపోయింది, చీకట్లో ఎవరూ చూసుకోలేదు, తగ్గించాల్సింది పోయి రెండు మెట్లు ఎక్కువలో ఎత్తుకున్నాం. సంఘం రెండో వరుసకే నోరు మూసేసుకుంది. పాస్టర్ అయ్యగారొక్కరే చివరి దాకా పాడారు, అదీ వేరే శ్రుతిలో.

ఒక సీజన్‌కి కొత్త పాట ఒక్కటి చాలు, మిగతావి సంఘానికి వచ్చినవే పెట్టండి. మీ నలుగురు మగవాళ్లలో ఎవరు కింద ఎక్కడిదాకా దిగగలరు, పైన ఎక్కడిదాకా పోగలరు అన్నది రాయండి, మీరు అనుకుంటున్న పాటలు ఏ శ్రుతిలో పెట్టాలో చూసి చెప్తాను.