పాత మోటార్‌హోమ్: పంపు మార్చే ముందు వోల్టేజీ చూడండి

సందేహం: అమెరికా వచ్చి రెండేళ్లయింది. డాలస్ దగ్గర ఉంటున్నాం. స్నేహితులం కలిసి 1996 నాటి మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) కొన్నాం. ఫోర్డ్ ఈ-350 ఛాసీ, 7.5 లీటర్ల పెట్రోలు ఇంజన్. ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతోంది. పెట్రోలు పంపు మార్చాలని మెకానిక్ అంటున్నారు. బండి లోపలి దీపాలు, ఫ్యాన్లు నడిపే ‘ఇంటి’ బ్యాటరీలు కూడా తెల్లవారేసరికి ఖాళీ అవుతున్నాయి. జూలైలో పిల్లలతో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లాలనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: పంపు మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీ బండిలో పంపు పెట్రోలు ట్యాంకు లోపల ఉంటుంది, దాన్ని తీయాలంటే ట్యాంకు దించాలి. ఇక్కడ గ్యారేజీల్లో పని కూలి గంటకు వంద డాలర్లు దాటుతుంది. పైగా మోటార్‌హోమ్ లిఫ్టు మీదికి ఎక్కదని చాలా చోట్ల అసలు తీసుకోరు. అంత ఖర్చు పెట్టాక బండి మళ్లీ అదే ఎత్తు మీద ఆగిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు.

పాత మోటార్‌హోముల్లో పెట్రోలు లోపంలా కనిపించేది చాలాసార్లు కరెంటు లోపమే. ఎర్త్ వైరును ఛాసీకి బోల్టుతో బిగించిన చోట ఏళ్ల తరబడి తుప్పు పడుతుంది. ఆ తుప్పు దగ్గరే రెండు మూడు వోల్టులు పోతాయి. పంపు నీరసంగా తిరుగుతుంది. చదునైన రోడ్డు మీద ఆ పెట్రోలు సరిపోతుంది. ఎత్తులో ఇంజన్‌కు ఎక్కువ కావాలి, అప్పుడు ఒత్తిడి పడిపోయి ఆగిపోతుంది. ఆ పంపు తీసి కొత్తది పెట్టినా దానికీ అదే కరెంటు అందుతుంది.

కాబట్టి ముందు కొలవండి. ఇరవై ముప్పై డాలర్ల మల్టీమీటర్ ఒకటి కొనండి. పెట్రోలు ఒత్తిడి కొలిచే గేజీని ఆటోజోన్ లాంటి దుకాణాలు డిపాజిట్ మీద అరువిస్తాయి, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని గేజీ తగిలించండి. మీ ఇంజన్‌కు ఇంచుమించు 30 నుంచి 45 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) ఉండాలి. అదే కాలపు జీఎం 454 ఇంజన్లలో థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (గాలి లోపలికి వెళ్లే చోటే పెట్రోలు చిమ్మే పద్ధతి) ఉన్నవాటికి 9 నుంచి 13 చాలు. వేరే బండి ఉన్న స్నేహితుడు చెప్పిన అంకెను మీ బండికి వర్తింపజేసుకోకండి.

ఇంజన్ ఆగిపోయే స్థితిలోనే ఒత్తిడి ఎంత ఉందో చూడటం ముఖ్యం. ఒత్తిడి సరిగా ఉండి కూడా ఆగిపోతే లోపం పెట్రోలులో లేదు, స్పార్కు వైపు చూడండి. ఆ కాలపు ఫోర్డ్ బండ్లలో స్పార్కును నియంత్రించే ఇగ్నిషన్ మాడ్యూల్ వేడెక్కి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పనిచేయడం తెలిసిన జబ్బే. ఒత్తిడి పడిపోతుంటే, ఇంజన్ నడుస్తుండగా పంపుకు వెళ్లే ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 14 చూపించి అక్కడ 11 చూపిస్తే దారిలో ఎక్కడో మూడు వోల్టులు పోతున్నాయి. రిలే (పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు), కనెక్టర్లు, ఎర్త్ బోల్టు ఒక్కొక్కటే విప్పి, మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి. రెండు చోట్లా వోల్టేజీ దాదాపు సమానంగా ఉంటే పెట్రోలు ఫిల్టరు మార్చండి. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, జిగురు కడుతుంది, అదంతా ఫిల్టరులో చేరుతుంది. పాత రబ్బరు గొట్టాలు పగుళ్లిచ్చాయేమో కూడా వేలితో నొక్కి చూడండి. తడి తగిలినా, పెట్రోలు వాసన వచ్చినా బండిని కదపకండి. ఇవన్నీ బాగున్నాకే పంపును అనుమానించాలి.

ఇంకొకటి: ఫోర్డ్ బండ్లలో గట్టి కుదుపు తగిలితే పంపుకు కరెంటు ఆపేసే ఇనర్షియా స్విచ్చు ఉంటుంది. పెద్ద గుంతలో పడ్డాక బండి స్టార్టు కాకపోతే, ముందు ఎక్కడా పెట్రోలు కారడం లేదని చూసి, ఆ తర్వాతే ఆ మీట నొక్కండి.

ఇంటి బ్యాటరీల సంగతి. రాత్రంతా వాడకుండా వదిలేసి కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. బయటి కరెంటు తగిలించినప్పుడు బ్యాటరీ దగ్గర 13.2కు పైన చూపించాలి. 12.5 దగ్గరే ఆగితే బయటి కరెంటుతో బ్యాటరీని నింపే కన్వర్టర్ చార్జి చేయడం లేదు. కొత్తది కొనే ముందు ఉన్నదాని ఫ్యూజులు చూడండి, ఎవరైనా ఎప్పుడో బ్యాటరీకి ప్లస్, మైనస్ తారుమారుగా తగిలించి వాటిని కాల్చి ఉండవచ్చు.

చార్జింగ్ బాగానే ఉండి కూడా తెల్లవారేసరికి ఖాళీ అవుతుంటే అది లోపమే కాకపోవచ్చు. బండి లోపల వేడినిచ్చే ఫర్నేస్ ప్రొపేన్ గ్యాసుతో మండినా దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది. పెద్ద ఫర్నేస్ ఫ్యాను 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది గంటల రాత్రిలో సగంసేపు తిరిగినా 30 ఆంపియర్ అవర్లు పోయినట్టే. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. ఎల్లోస్టోన్‌లో జూలై రాత్రులు కూడా చలిగా ఉంటాయి, పైగా రాత్రివేళ జనరేటర్ వేయనివ్వరు. పార్కు లోపల కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంపు స్థలం ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి అక్కడ దొరుకుతుందేమో ఇప్పుడే చూడండి. బ్యాటరీలు మార్చాల్సి వస్తే 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో పెట్టుకోమనే నా సలహా.

మన దేశంలో వైరింగ్ చూసిన అలవాటుతో వచ్చేవారికి ఒక ప్రమాదం ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. అక్కడ పాత ఇళ్లలో నల్ల వైరు న్యూట్రల్. ఇక్కడ 120 వోల్టుల లైనులో నల్ల వైరే ఫేజు, తెల్లది న్యూట్రల్. రంగు చూసి చేయి పెట్టకండి. బయటి ప్లగ్గు పీకి, జనరేటర్, ఇన్వర్టర్ ఆపి, మీటరుతో చూసుకున్నాకే ముట్టుకోండి. ఇంట్లో మోటార్‌హోమ్ కోసం 30 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకుంటే అది 120 వోల్టులదని ఎలక్ట్రీషియన్‌కు స్పష్టంగా చెప్పండి. బట్టల డ్రయ్యర్‌కు ఇచ్చినట్టు 240 ఇచ్చేస్తే లోపలి సామాన్లు ఒక్కసారిగా కాలిపోతాయి.

బయలుదేరే ముందు బండి వీఐఎన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలవడం) ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఆ రోజుల ఫోర్డ్ బండ్లలో క్రూయిజ్ కంట్రోల్ స్విచ్చు వల్ల మంటలు రేగే ప్రమాదం ఉందని కంపెనీ లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. రీకాల్ మరమ్మతుకు సాధారణంగా డబ్బు తీసుకోరు. పంపే మార్చాలని తేలితే ట్రక్కులు బాగుచేసే గ్యారేజీకి వెళ్లండి. మీరు కొలిచిన ఒత్తిడి, వోల్టేజీ అంకెలు కాగితం మీద రాసి ఇస్తే వారు అక్కడి నుంచే పని మొదలుపెడతారు.