ఇటాలియన్‌లో "వెళ్ళాను" అనాలంటే "ఓ"నా, "సోనో"నా?

"తిన్నాను"కి "ఓ మంజాతో" అంటూ "వెళ్ళాను"కి "సోనో అందాతో" అంటారేంటని మీ ప్రశ్న. దేన్ని, ఎవరిని అనే ప్రశ్నకు జవాబుండే క్రియలకు "ఆవేరే" (కలిగి ఉండటం) అనే సహాయక క్రియ రూపాలు వస్తాయి: ఓ (నేను), ఆయ్ (నువ్వు), ఆ (అతను/ఆమె). వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం లాంటివాటికి "ఎస్సెరే" (ఉండటం) రూపాలు: అదే వరసలో సోనో, సేయ్, ఏ. కానీ "నడిచాను" మాత్రం "ఓ కమ్మినాతో"! ఇలాంటివి క్రియతో పాటే బట్టీ పట్టడం మేలు.

అసలు తడబాటు లింగం దగ్గర. మనకు "వెళ్ళాను" అందరికీ ఒకటే. అక్కడ అమ్మాయైతే "సోనో అందాతా ఆ రోమా" (రోమ్‌కి వెళ్ళాను) అనాలి, అమ్మాయిలంతా కలిసి "సియామో అందాతే" (వెళ్ళాం) అనాలి. "ఓ మంజాతో" మాత్రం ఎవరన్నా మారదు. "నేను" అనే "ఇయో" తెలుగులోలాగే వదిలేయొచ్చు, హాయిగా. క్రియను మాత్రం చివరికి నెట్టకండి, ఊరి పేరు దాని తర్వాతే.