ముద్దకి ముందొకటి, తర్వాతొకటి

పెరంబూరు, చెన్నై

చిన్నోడా,

మొన్న రాత్రి పదకొండింటికి "మామయ్యా, 168" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నావు. పొద్దున "131". మధ్యాహ్నం "192", పక్కన ఏడుపు బొమ్మ. నీ దగ్గర షుగరు చూసుకునే మీటరుందనీ, నీకు టెన్షన్ ఉందనీ తప్ప నాకేమీ అర్థం కాలేదు. స్కోరు 168 అని చెప్పి, ఎన్ని ఓవర్లకో ఎన్ని వికెట్లకో చెప్పకపోతే ఎలా ఉంటుంది? ఏం తిన్నావు, తిని ఎంతసేపయింది అన్నది లేకుండా ఆ అంకెని చూసి నేనే కాదు, మీ డాక్టరు కూడా ఏమీ చెప్పలేరు.

ఈ జబ్బుతో నాది 19 ఏళ్ల కాపురం. అందుకే ఫోనులో చెబితే మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ 131 సంగతి. ల్యాబ్ రిపోర్టులో పక్కన అచ్చేసి ఉంటాయే, పరగడుపున 100 లోపు, తిన్నాక 140 లోపు అని, అవి షుగరు లేనివాళ్ల లెక్కలు. వాటితో పోల్చుకుంటే నీకు రోజూ ఏడుపే. షుగరున్న పెద్దవాళ్లలో చాలామందికి పెట్టే గురి వేరు: తినకముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు. మీ డాక్టరు నీకు ఇంకో లెక్క చెబితే అదే పట్టుకో. గర్భిణులకి ఇంకా గట్టిగా పెడతారు, నాలాంటి ముసలివాళ్లకి కాస్త వదులుగా పెడతారు. ఆ రాత్రి 168 భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి వచ్చిందైతే గొడవే లేదు. ఏడుపు బొమ్మలు మానెయ్.

రెండు గంటలంటే చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదురా, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. నాకు ఈ పాఠం డబ్బులిచ్చి నేర్పారు. ఒకసారి ఓ ల్యాబులో, మూసే వేళయిందని గంటా పది నిమిషాలకే రక్తం లాగేశారు. 236 వచ్చింది. నేనూ తక్కువవాణ్ణి కాదు, ఆ సంగతి డాక్టరుకి చెప్పకుండా కాగితం మాత్రం చేతిలో పెట్టాను. మాత్ర డోసు పెరిగింది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం లోకల్ రైల్లో బేసిన్ బ్రిడ్జి దాటేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, ఎదుటివాడి మొహం మసకమసక. వ్యాసర్‌పాడిలో ఎక్కిన పూలమ్మే ఆవిడ తన సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చింది. ఆవిడ ఇంట్లోనూ ఎవరికో ఉండే ఉంటుంది, లేకపోతే ఆ చెమట చూసి అంత త్వరగా పోల్చుకోదు.

షుగరు పడిపోవడమంటే అదే. మీటరులో 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగు, పావుగంటాగి మళ్లీ చూడు, పెరక్కపోతే ఇంకోసారి తాగు. నువ్వు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో ఇలా పడిపోవడం అరుదే. రేపు ఒంట్లో ఇన్సులిన్‌ని ఎక్కువగా వదిలించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర చేరిస్తే మాత్రం జేబులో పంచదార పొట్లం ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఒంటరి అంకె వద్దు, జత కావాలి. ఒకే భోజనానికి ముందొకటి, రెండు గంటల తర్వాత ఒకటి. నా పాత నోటుబుక్కులోంచి రెండు ఆదివారాలు రాస్తున్నాను. ఒకటి, పొంగల్ తిన్న రోజు: ముందు 122, తర్వాత 221. ఇంకోటి, పెసరట్టు, అల్లం పచ్చడి: ముందు 119, తర్వాత 161. పొంగల్లోనూ పెసరపప్పు ఉంది కదా అన్న ధైర్యంతో రెండు గరిటెలు ఎక్కువే వేయించుకున్నాను. అందులో పప్పు పేరుకే, ఉన్నదంతా బియ్యమే. ఒకటి 99 ఎక్కించింది, ఇంకోటి 42. ఉత్త 221 చూసుంటే మాత్ర పనిచెయ్యలేదని డాక్టరు మీద పడేవాణ్ణి. జత చూశాను కాబట్టి తప్పు గరిటెదని తెలిసింది. పొంగల్ మానలేదు. ఒక్క గరిటెకి దిగాను, అది కూడా ముందు కూర తిన్నాక, తర్వాత వీధి చివరిదాకా నడక. ఆ రోజు 170 దాటలేదు. నా ఒంటికి పడింది నీకు పడుతుందని లేదు, నీ పుస్తకం నువ్వే రాసుకోవాలి.

బిర్యానీ మాత్రం ఈ లెక్కకి లొంగదు. నూనె, నెయ్యి ఎక్కువుంటే అరుగుదల ఆలస్యమై రెండు గంటలకి బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది, ఆ తర్వాత ఎక్కుతుంది.

పరగడుపు అంకెది వేరే కథ. రాత్రి 128తో పడుకుని పొద్దున 149తో లేస్తే, మీ అత్తయ్య నన్ను దొంగని చూసినట్టు చూసేది. పాపం లడ్డూది కాదు, లివరుది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, రోజు మొదలవుతోంది చక్కెర వదలమని లివరుకి చెబుతాయి. దాన్ని సర్దడానికి తగినంత ఇన్సులిన్ మనకి లేదు. అందుకని రాత్రి అన్నం మానేసి ఉపవాసాలు చెయ్యకు. వారం పాటు పొద్దున అంకెలు ఎక్కువే ఉంటే పుస్తకం డాక్టరుకి చూపించు. అమెరికా వాళ్లతో ఒంటిగంట దాకా కాల్స్ మాట్లాడిన రాత్రుల్ని కూడా రాసుకో, నిద్ర చాలకపోయినా పెరుగుతుంది. ఇంకో మాట, ఫిల్టర్ కాఫీ తాగేసి చూసుకున్నది పరగడుపు కాదు.

మీటరు కూడా మనిషి లాంటిదే, కాస్త అటూఇటూ చెబుతుంది. మంచి మీటరుకే నూటికి పదిహేను వంతుల తేడా ఒప్పుకుంటారు. 168 వచ్చిందని మళ్లీ గుచ్చుకుంటే 181 రావచ్చు, రెండూ ఒకటే. మూడోసారి గుచ్చితే స్ట్రిప్ దండగ. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకో. బంగినపల్లి కోసిన చేత్తో చూసుకుని 287 అని నేను ఇల్లంతా ఎగరగొట్టాను; కడుక్కుని చూస్తే 141. వేలి కొన మీద కాకుండా పక్కన గుచ్చు, నొప్పి తక్కువ. మన సముద్రపు తేమకి స్ట్రిప్పులు పాడవుతాయి, డబ్బా మూత వెంటనే బిగించు. ఫ్రిజ్‌లో పెట్టకు.

రోజుకి ఏడుసార్లు గుచ్చుకోవక్కర్లేదు. సోమవారం టిఫినుకి ఒక జత, మంగళవారం మధ్యాహ్నం భోజనానికి, బుధవారం రాత్రికి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి వేరే లెక్క. మూడు నెలలకోసారి చేసే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చెప్పేది గడిచిన రెండు మూడు నెలల షుగరు సగటు. అందులో 7 శాతం అంటే మీటరు లెక్కలో సగటున సుమారు 154. ఒకరోజు 60, ఒకరోజు 250 ఉన్నా సగటు అందంగానే వస్తుంది, కాబట్టి దాన్ని చూసి పుస్తకం అటకెక్కించకు. 300 దగ్గరే తిరుగుతూ దాహం, వాంతులు ఉంటే మాత్రం నాకు మెసేజ్ పెట్టకు, తిన్నగా ఆసుపత్రికి పో.

అమ్మకి చెప్పొద్దన్నావు. సిగ్గెందుకురా? మన రాయపురంలో 1954లోనే ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ షుగరుకని విడిగా ఆసుపత్రి పెట్టారంటే, ఈ ఊళ్లో ఇది ఎప్పటి జబ్బో చూసుకో. చెప్పకపోతే వేళచ్చేరి వచ్చినప్పుడల్లా ఆవిడ నీకు మారు వడ్డిస్తూనే ఉంటుంది, నువ్వు వద్దనలేక తింటూనే ఉంటావు.

ఆదివారం టిఫినుకి ఇక్కడికి రా. అత్తయ్య పెసరట్టు వేస్తుంది. ముందొకటి, రెండు గంటలకి ఒకటి చూద్దాం. స్ట్రిప్పులు నీవే తెచ్చుకో, నావి ముట్టుకోనివ్వను.

మామయ్య