ముహూర్తం పెట్టే ముందు బీరువా తియ్యండి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చాక మీ పెదనాన్నా నేనూ చాలాసేపు నీ గురించే మాట్లాడుకున్నాం. ఆ జర్మన్ అబ్బాయి మాకు నచ్చాడు. మొన్న భోజనానికి వచ్చినప్పుడు గోంగూర పచ్చడి రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు, మీ పెదనాన్నకి అది చాలు. కానీ ఫోన్ పెట్టేసే ముందు నువ్వొక మాట అన్నావు చూడు, "డిసెంబర్‌లో రాజమండ్రిలో ముహూర్తం పెట్టేశారు పెద్దమ్మా, ఆలోపు ఇక్కడ ఒకసారి ఆఫీసుకెళ్ళి రిజిస్టర్ చేయించుకుంటే అయిపోతుందిగా" అని. ఆ మాటకి నాకు టెన్షన్ పట్టుకుంది.

జర్మనీలో పెళ్ళి రిజిస్టర్ అంటే ఒక పూట సెలవు పెట్టి, సాక్షుల్ని వెంటబెట్టుకెళ్ళి, సంతకాలు చేసి రావడం కాదు. మా పెద్దాడి పెళ్ళికి మొదటి కాగితం అడిగిన రోజు నుంచి సంతకాలు పెట్టిన రోజు దాకా పద్నాలుగు నెలలు పట్టింది. అందులో సగం మాకు తెలియకపోవడం వల్లే. ఆ సగమైనా నీకు తప్పాలని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ చట్టం దృష్టిలో పెళ్ళంటే స్టాండెసాంట్‌లో (పెళ్ళిళ్ళూ పుట్టుకలూ నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసులో) జరిగేదే. ఇండియన్ కాన్సులేట్‌లో చేసుకోవచ్చని మీ ఆఫీసులో ఎవరో చెప్పారన్నావు. ఇద్దరిలో ఒకరు జర్మన్ అయితే, ఈ గడ్డ మీద కాన్సులేట్‌లో చేసుకున్న పెళ్ళిని ఈ దేశం ఒప్పుకోదు. ఆ దారి మర్చిపో. బయటి దేశం వాళ్ళు ఇక్కడ పెళ్ళి చేసుకోవాలంటే "మా చట్టం ప్రకారం ఈ మనిషి పెళ్ళికి ఏ అడ్డూ లేదు" అని సొంత దేశం నుంచి ఒక పత్రం తేవాలి. ఇక్కడివాళ్ళు అడిగే పద్ధతిలో ఆ పత్రం మన దేశం ఇవ్వదు. అందుకని అది లేకుండా పెళ్ళికి అనుమతించమని ఒబర్‌లాండెస్‌గెరిష్ట్, అంటే ఇక్కడి పై కోర్టు, ప్రెసిడెంటుకి దరఖాస్తు పెట్టాలి. నువ్వు కోర్టు మెట్లెక్కక్కర్లేదు, స్టాండెసాంట్ వాళ్ళే పంపిస్తారు. కాకపోతే అక్కడ నీ ఫైల్లో ప్రతి అక్షరం చదువుతారు.

ఇక మన కాగితాల సంగతి. హైదరాబాద్‌లో ఏజెంటు అపోస్టిల్ (కాగితం అసలుదేనని వేరే దేశాలకి చెప్పే ప్రభుత్వ ముద్ర) వేయించి పంపిస్తాడని మీ నాన్న అన్నాడట. వద్దని చెప్పు. అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది కానీ, మనం చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఆ ముద్రకి మిగతా చాలా దేశాల్లో విలువ ఉంది, ఇక్కడ లేదు. పైగా మన దేశంలోని జర్మన్ రాయబార కార్యాలయాలు కాగితాల మీద ధ్రువీకరణ ముద్రలు వెయ్యడమూ ఆపేశాయి. దాని బదులు స్టాండెసాంట్ నీ కాగితాల్ని అక్కడికి పంపిస్తుంది, వాళ్ళు నమ్మకస్తుడైన ఒక లాయర్ని పెట్టి నిజమో కాదో విచారిస్తారు. ఆయన రిజిస్టర్ చూడటానికి మున్సిపాలిటీకి వెళ్తాడు, కావాలంటే బడికి వెళ్తాడు, మీ వీధికీ వస్తాడు. ఆ ఖర్చు మనదే, కొన్ని వందల యూరోలు. నెలలు పట్టేది ఇక్కడే.

అందుకే మొదటి పని, మీ ఊరి స్టాండెసాంట్‌కి వెళ్ళి "నేను ఇండియన్‌ని, ఇదే మొదటి పెళ్ళి, ఏమేం కావాలి" అని అడిగి, లిస్టు కాగితం మీద రాయించుకుని తెచ్చుకో. వాట్సాప్ గ్రూపులో వాళ్ళు పెట్టిన లిస్టు వాళ్ళ ఊరిది. పక్క ఊళ్ళో అడగనిది మీ ఊళ్ళో అడుగుతారు.

లిస్టులో ఏమున్నా పైన ఉండేది బర్త్ సర్టిఫికెట్. మన పిల్లల తిప్పలన్నీ దీనితోనే మొదలు. పురుడు పుట్టింట్లో పోస్తారు కాబట్టి నీ పుట్టుక రిజిస్టరయింది మీ అమ్మమ్మగారి ఊళ్ళో, మీ నాన్న రాజమండ్రిలో ఎంత వెతికినా దొరకదు. రెండోది, పుట్టిన వారంలో ఆసుపత్రి వాళ్ళో పంచాయతీ వాళ్ళో రాసుకుంటారు, బారసాల ఇరవై ఒకటో రోజున. అందుకని చాలామందికి పేరు గడి ఖాళీగానే ఉండిపోతుంది. తల్లి పేరు, తండ్రి పేరు, "ఆడపిల్ల" అని మాత్రం ఉంటుంది. అలాంటిది ఉంటే ముందు రిజిస్టర్లో పేరు చేర్పించి కొత్త కాపీ తీసుకోవాలి. అసలు రిజిస్టరే కాకపోతే, ఏడాది దాటిన పుట్టుక కనుక ఆర్డీవో ఆఫీసు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అలా ఆలస్యంగా తీయించిన సర్టిఫికెట్ చూస్తే ఇక్కడివాళ్ళకి అనుమానం ఎక్కువ. అప్పుడు పదో తరగతి మెమో, బడిలో చేర్చినప్పటి రికార్డు కూడా జత చెయ్యాలి.

పేర్ల గురించి మా ఇంట్లో జరిగింది చెప్తాను. స్టాండెసాంట్‌లో ఒక పెద్దావిడ మా వాడి కాగితాలన్నీ బల్ల మీద వరసగా పరిచింది. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, టెన్త్ మెమో. చేతిలో పెన్సిల్. ఒక్కో కాగితంలో తండ్రి పేరు కింద సన్నగా గీత గీస్తూ వచ్చింది. ఒకదాంట్లో "వీర" ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఒకచోట పేరంతా కలిపి ఒకే మాటగా ఉంది, ఇంకోచోట విడదీసి మూడు మాటలుగా ఉంది. మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆవిడ తల పైకెత్తి చాలా మర్యాదగా అడిగింది, "వీళ్ళు ముగ్గురూ ఒక్కరేనా?" అని. మీ పెదనాన్న అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయనే తండ్రి అని చెప్పినా ఉపయోగం లేదు, కాగితం చెప్పాలి. బర్త్ సర్టిఫికెట్ దిద్దించుకుని రావడానికి నాలుగు నెలలు.

కాబట్టి నీ పేరు, మీ అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు, ఈ నాలుగూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్నింట్లో ఉన్నాయా అని ఒక తెల్లకాగితం మీద పక్కపక్కన రాసి చూసుకో. తేడా ఉంటే ఇక్కడ ఫైలు ఇవ్వకముందే ఊళ్ళో దిద్దించు. ఫైలు వెళ్ళాక దిద్దిస్తే "ఇది ఎందుకు మారింది" అని ఇంకో ప్రశ్న పుడుతుంది.

పెళ్ళి కాలేదని చూపించే కాగితం ఇంకోటి. మామూలుగా మీ అమ్మానాన్న స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ ఇవ్వాలి, ఎవరి ముందు సంతకం పెట్టాలో లిస్టులోనే ఉంటుంది. ఇది పాతబడకూడదు, మామూలుగా ఆరు నెలల లోపుది అడుగుతారు. అందుకే వరస ముఖ్యం. బర్త్ సర్టిఫికెట్ తేలాకే దీన్ని రాయించండి. ముందే రాయించి పెట్టుకుంటే, అది తేలేసరికి ఇది పాచిపోతుంది. అన్నీ కుదిరి కోర్టు అనుమతి వచ్చినా దానికీ ఆరు నెలలే గడువు. ఆలోపు పెళ్ళి చేసుకోకపోతే మళ్ళీ మొదటికి.

లాయరు వీధిలోకి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. మా వాడికి అంతకుముందు ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయింది. విచారణకి వచ్చినాయన ఎదురింటి పెద్దాయన్ని అడిగితే, పాపం ఆయన "అయిందనుకుంటా బాబూ, భోజనాలు కూడా పెట్టారు" అన్నాడట. అందులో ఆయన తప్పేం లేదు. కానీ ఆ ఒక్క ముక్కతో ఫైలు ఆగింది. మీ నాన్నని ఇరుగుపొరుగుకి విషయం ముందే చెప్పి ఉంచమను. అమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఇంకా కాలేదు, ఎవరైనా వచ్చి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి అంటే చాలు. ఏదీ వల్లె వేయించొద్దు, అబద్ధం అసలే వద్దు.

ఇప్పుడు ముహూర్తం మాట. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్తున్నాను. రాజమండ్రి పెళ్ళి తర్వాత పెట్టుకోండి. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. అబ్బాయి క్రైస్తవుడు కాబట్టి, మంగళసూత్రం కట్టి ఏడడుగులు నడిచినా అది ఆ చట్టం కింద పెళ్ళి కాదు. మన దేశంలో చట్టబద్ధంగా చేసుకోవాలంటే ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ఇద్దరిలో ఒకరు ముందు ముప్పై రోజులు ఆ జిల్లాలో ఉండాలి, నోటీసు ఇచ్చాక ఇంకో ముప్పై రోజులు ఆగాలి. మీ ఇద్దరికీ అంత సెలవు ఎక్కడిది? అదేమీ లేకుండా డిసెంబర్‌లో పీటల మీద కూర్చుని, ఫోటోలు అందరికీ పంపుకుని, జనవరిలో ఇక్కడికొచ్చి "నాకు పెళ్ళి కాలేదు" అని సంతకం పెడితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది? ముందు స్టాండెసాంట్, తర్వాత రాజమండ్రి. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ బాధ నాకు వదిలెయ్. మంచి ముహూర్తాలు మాఘంలోనూ ఉంటాయి, వైశాఖంలోనూ ఉంటాయి.

నీ రూమ్మేట్ సంగతి వేరు. ఆ అమ్మాయీ భర్తా ఇద్దరూ హిందువులే, ఊళ్ళో పెళ్ళి అయిపోయింది కూడా. వాళ్ళకి ఇక్కడ మళ్ళీ పెళ్ళి చెయ్యరు. అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి ఆ సర్టిఫికెట్ తెచ్చుకోమను.

అనువాదాలు కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకులతోనే చేయించు. హైదరాబాద్‌లో చేయిస్తే చవకే, కానీ స్టాండెసాంట్ ఒప్పుకుంటుందో లేదో ముందు అడుగు. నీ జర్మన్ ఆఫీసు పనికి సరిపోతుంది గానీ, అక్కడ చదివే వాక్యాలు అర్థం కావని వాళ్ళకి అనిపిస్తే దుబాసీ ఉండాలంటారు. తెలుగుకి దొరకడం కష్టం, ఇంగ్లీషుకి పెట్టుకో.

డెన్మార్క్ వెళ్ళి చేసుకుంటారని విన్నానన్నావు, నిజమే. అక్కడ 2019 నుంచి ఫమిల్యెరెట్స్‌హూసెట్ అనే ఒకే ప్రభుత్వ సంస్థ బయటి జంటల దరఖాస్తులు చూస్తుంది. వాళ్ళడిగే కాగితాలు తక్కువ, పని త్వరగా అవుతుంది, ఆ పెళ్ళిని జర్మనీ గుర్తిస్తుంది. తొందర ఉన్నవాళ్ళకి మంచి దారే. నీకు తొందర లేదు. బర్త్ సర్టిఫికెట్ రేపు పిల్లలు పుట్టినప్పుడూ అడుగుతారు, పౌరసత్వానికీ అడుగుతారు. ఈ ఒక్కసారి సరిచేసుకుంటే జీవితాంతం పనికొస్తుందని నా అభిప్రాయం.

పెళ్ళయ్యాక అలసిపోయి వదిలేసే పని ఒకటుంది, కాన్సులేట్‌లో చూపించి మన వైపు కూడా నమోదు చేయించుకోవడం. 1969 నాటి విదేశీ వివాహాల చట్టంలో దానికి వీలుంది, ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. అబ్బాయికి ఓసీఐ కార్డు (ప్రతిసారీ వీసా లేకుండా ఇండియా వచ్చి ఉండనిచ్చే కార్డు) కావాలంటే పెళ్ళి రిజిస్టరయ్యి రెండేళ్ళు పూర్తవ్వాలి, కాబట్టి ఆలస్యం చెయ్యకు. ఇంటిపేరు గురించి కంగారు పడకు. 2025 మే 1 నుంచి ఇక్కడ ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి పెట్టుకోనిస్తున్నారు, ఏదీ మార్చుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. మార్చుకుంటే మాత్రం పాస్‌పోర్టు, ఇక్కడ ఉండటానికి ఇచ్చిన వీసా కార్డు, బ్యాంకు అన్నీ మార్చాలి.

శనివారం మీ ఇద్దరూ భోజనానికి రండి. నీ పాస్‌పోర్టు, టెన్త్ మెమో, స్టాండెసాంట్ ఇచ్చిన లిస్టు పట్టుకురా, బల్ల మీద పరిచి నేనూ పెన్సిల్ పెట్టుకుని చూస్తాను. ఈలోపు, ఇది చదవగానే మీ నాన్నకి ఫోన్ చెయ్యి. బీరువాలో నీ బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుందో తీసి ఫోటో పంపమను. పేరు గడిలో ఏమైనా రాసి ఉందో లేదో ముందు చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ